ఉధృతి వేళ లాక్‌డౌన్: కావాలనేవారినీ వద్దనేవారినీ ఏ ప్రశ్నలు అడగాలి?

చదువరి (ప్రశ్న)

నమస్కారం. మహమ్మారి ఉధృతంగా ఉన్నప్పుడు ప్రభుత్వాలు లాక్‌డౌన్ విధించడం సబబేనా అన్న చర్చలో ఇరుపక్షాలూ రాసినవాటిని శ్రద్ధగా చదివాను. ఒకే సమాచారాన్ని, ఒకే దేశాన్ని ఇద్దరూ తమకు అనుకూలంగా చూపిస్తుండటంతో ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను.

కోవిడ్ తొలి ఉధృతి మీద 2020 జూన్‌లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకుల వ్యాసం, యూరప్‌లోని 11 దేశాల్లో ఆంక్షల వల్ల మే మొదటివారం నాటికి దాదాపు 31 లక్షల మరణాలు తప్పాయని అంచనా వేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు సెల్‌ఫోన్ల కదలికల సమాచారాన్ని పరిశీలించి, వ్యాపార స్థలాలకు జనం రాకపోకలు 60 శాతం తగ్గితే అందులో ప్రభుత్వ ఉత్తర్వుల వాటా 7 శాతం పాయింట్లు మాత్రమేనని, మిగిలినదంతా జనం తమంతట తాము జాగ్రత్తపడి ఇంటిపట్టున ఉండటం వల్ల జరిగిందని తేల్చారు. మొదటిది నిజమైతే ఆంక్షలు లక్షల ప్రాణాలు కాపాడాయి. రెండోది నిజమైతే ఆ ఉత్తర్వు లేకపోయినా చాలావరకు అదే జరిగేది.

తొలి ఉధృతిలో పూర్తి లాక్‌డౌన్ విధించని స్వీడన్ సంగతి మరీ చిక్కు. 2020 చివరి నాటి లెక్కలు తీసి, పొరుగున ఉన్న నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్‌ల కంటే అక్కడ మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువని ఒక పక్షం చూపుతుంది. 2022 చివరి వరకూ అదనపు మరణాలను, అంటే మామూలు ఏళ్ల లెక్కకు మించి జరిగిన మరణాలను, కలిపి చూసి, యూరప్‌లో తక్కువ నష్టపోయిన దేశాల్లో స్వీడన్ ఒకటని రెండో పక్షం చూపుతుంది. రెండూ అబద్ధాలు కావు.

ఉత్తర్వు వల్ల జరిగినదానినీ, ఉత్తర్వు లేకున్నా జరిగి ఉండేదానినీ వేరుచేసి చూడటం అసలు సాధ్యమేనా? సాధ్యం కాకపోతే, రేపు మరో ఉధృతి వచ్చినప్పుడు లాక్‌డౌన్ కావాలనేవారిని గానీ, వద్దనేవారిని గానీ ఏ ప్రశ్నలు అడిగి తూచాలి? ‘ప్రాణాలా, ఉపాధా’ అంటూ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టే పద్ధతి నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. పడక దొరక్క ఆస్పత్రి గుమ్మంలో ఆగిపోయినవారి వేదనా నిజమే, పని ఆగిపోయి అద్దె కట్టలేనివారి వేదనా నిజమే. తెలిసినవారు కాస్త వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జనారోగ్యం

చదువరి గారూ, మీరు చెప్పిన రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావు, ఎందుకంటే అవి కొలిచినవే వేరు. ఇంపీరియల్ వారి గణిత నమూనాలో, వ్యాప్తి వేగం ప్రభుత్వం ఏదో ఒక చర్య తీసుకున్న రోజునే మారుతుందని, మధ్యలో దానంతట అది మారదని ఒక ఊహ ఉంది. అందువల్ల జనం ముందే జాగ్రత్తపడి తగ్గించుకున్న రాకపోకల ఫలితం కూడా ఆ చర్యల ఖాతాలోకే, ముఖ్యంగా అన్నిటికంటే చివర వచ్చిన లాక్‌డౌన్ ఖాతాలోకే చేరింది. ఇది చిన్న అభ్యంతరం కాదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ గణాంకవేత్త సైమన్ వుడ్ రోజువారీ మరణాల లెక్కల నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ వెళ్లి, 2020 మార్చిలో బ్రిటన్‌లో పూర్తి లాక్‌డౌన్‌కు ముందే కొత్తగా వైరస్ సోకేవారి సంఖ్య తగ్గుముఖం పట్టి ఉండవచ్చని వాదించారు. ఆయన లెక్క సరైనదే అనుకున్నా, ‘ఏమీ చేయకపోయినా తగ్గేది’ అన్న మాట మాత్రం దాని నుంచి రాదు. ఇంటి నుంచి పని చేయమని, అనవసరంగా ఎవరినీ కలవవద్దని అక్కడి ప్రభుత్వం మార్చి 16 నుంచే చెబుతోంది, ఆ వారాంతానికి బడులూ మూతపడ్డాయి.

గూల్స్‌బీ, సివర్సన్‌లు కొలిచింది వ్యాపార స్థలాలకు వచ్చేవారి సంఖ్యను, వైరస్ సోకినవారి సంఖ్యను కాదు. రాకపోకలు తగ్గించుకోగలిగే వీలున్నవారు ముందే తగ్గించుకున్నారన్నది ఆ అధ్యయన సారం. యజమాని రమ్మంటే వెళ్లక తప్పని ఉద్యోగికి, కిక్కిరిసిన గదిలో పని చేసే కార్మికుడికి ఆ వీలు లేదు. అటువంటివారికి ఉత్తర్వే రక్షణ. ఇంకొక విషయం కూడా గమనించండి. లాక్‌డౌన్ వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదని చెప్పడానికి ఈ అధ్యయనాన్ని ముందుకు తెచ్చేవారు, లాక్‌డౌన్ వల్లే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిందని అదే నోటితో అనలేరు. జనం రాకపోకలు తగ్గడానికి ముఖ్య కారణం వారి భయమే అయితే, వ్యాపారాలు పడిపోవడానికి కూడా ముఖ్య కారణం ఆ భయమే అవుతుంది. లాక్‌డౌన్ రోజులను మామూలు రోజులతో పోల్చి నష్టం లెక్కగట్టడం అందుకే తప్పు. పోల్చవలసింది అదుపు లేకుండా పెరిగే ఉధృతితో, ఆ ఉధృతిని చూసి జనం తమంతట తాము తలుపులు వేసుకునే రోజులతో.

కాబట్టి వేరుచేసి చూడటం సాధ్యమేనా అన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: కొంతవరకే సాధ్యం. అయితే తూచడానికి ఆ వేర్పాటు పూర్తిగా తేలనవసరం లేదు. నా దృష్టిలో లాక్‌డౌన్ అంటే గడువు సంపాదించుకోవడం, అంతకు మించి మరేమీ కాదు. అది వైరస్‌ను తుడిచిపెట్టదు. అందువల్ల అడగవలసిన ప్రశ్నలు రెండు: ఆ గడువు ఎప్పుడు మొదలుపెట్టారు, దాన్ని దేనికి వాడుకున్నారు?

ఎప్పుడు అన్నది ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. కేసులు మూడు రోజులకొకసారి రెట్టింపయ్యే దశలో తొమ్మిది రోజులు ఆలస్యం చేస్తే, ఎదుర్కోవలసిన భారం ఎనిమిది రెట్లవుతుంది. పైగా మనకు కనబడేది ఎప్పుడూ పాత చిత్రమే. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి ఇంచుమించు ఐదు రోజులు, పరిస్థితి విషమించి ఆస్పత్రిలో చేరడానికి మరో వారం పడుతుంది కాబట్టి, ఈ రోజు ఐసీయూలో కనిపించే రద్దీ రెండు వారాల కిందటి వ్యాప్తికి ఫలితం. పడకలు నిండాక తీసుకునే నిర్ణయం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జబ్బు బయటపడిన తర్వాత కూడా సెప్టెంబరు 28న భారీ ఊరేగింపు జరగనిచ్చారు, బడులు, సభాస్థలాలు మూసింది అక్టోబరు 3న. సెయింట్ లూయిస్‌లో తొలి కేసులు బయటపడిన రెండు రోజులకే, అక్టోబరు 7న, ఆంక్షలు పెట్టారు. ఇటువంటి నగరాలను పోల్చి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, త్వరగా మేలుకొన్న నగరాల్లో పతాక దశ మరణాల రేటు ఇంచుమించు సగమే ఉన్నట్టు తేలింది. ఆంక్షలు సడలించాక సెయింట్ లూయిస్‌లో జబ్బు మళ్లీ పెరిగిన మాట కూడా నిజం. గడువు ముగిసింది, టీకా లేదు.

ఇక దేనికి వాడుకున్నారన్నది. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వారు ‘రికవరీ’ పేరుతో రోగుల మీద జరిపిన మందుల పరీక్షల్లో, డెక్సామెథసోన్ అనే చవక మందు వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడింట ఒక వంతు తగ్గిస్తుందని తేలింది. అదే ఏడాది డిసెంబరు 8న బ్రిటన్‌లో టీకాలు వేయడం మొదలైంది. మార్చిలో సోకవలసిన జబ్బు కొన్ని నెలలు వెనక్కి జరిగినవారికి మందు దొరికింది, ఏడాది వెనక్కి జరిగినవారిలో చాలామందికి టీకా అందింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ చైనా. అంత కఠినమైన ఆంక్షలతో దాదాపు మూడేళ్లు సంపాదించుకున్నా, 2022 డిసెంబరులో ఒక్కసారిగా ఆంక్షలు ఎత్తివేసే నాటికి 80 ఏళ్లు దాటినవారిలో బూస్టర్ టీకా తీసుకున్నవారు సగం మంది కూడా లేరు. అంతకాలం జనాన్ని కట్టడి చేసి, అత్యంత ప్రమాదంలో ఉన్నవారికి చేయవలసిన పనిని పూర్తిచేయకపోవడాన్ని నేను క్షమించలేను.

శ్రమ పక్షం

జనారోగ్యం గారి వివరణ చాలావరకు ఒప్పుకుంటూనే, ఒక మౌలికమైన అభ్యంతరం చెప్పదలచుకున్నాను. ‘గడువు సంపాదించుకోవడం’ అన్నారు. ఆ గడువుకు ధర ఎవరు చెల్లించారు, దాని ఫలం ఎవరు అనుభవించారు అన్నది ఆ వాక్యంలో కనబడదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో పని చేసేవారిలో దాదాపు 60 శాతం, అంటే 200 కోట్ల మంది, అసంఘటిత రంగంలో ఉన్నారు. వారికి జీతంతో సెలవు లేదు, ఇంటి నుంచి చేయగల పని కాదు, నెల రోజులు నిలదొక్కుకునే పొదుపు లేదు. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి ‘ఇంట్లోనే ఉండండి’ అన్న ఉత్తర్వు, కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసుకోగల మనిషికి అందిన ఉత్తర్వుతో ఏ విధంగానూ సమానం కాదు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు భారత ప్రభుత్వం ప్రకటించిన 21 రోజుల లాక్‌డౌన్ ఆ అర్ధరాత్రి నుంచే అమల్లోకి వచ్చింది. నాలుగు గంటల వ్యవధి. రైళ్లు, బస్సులు ఆగిపోయాయి, పని పోయిన వలస కూలీలు పిల్లాపాపలతో వందల కిలోమీటర్లు నడిచారు. వారికోసం ప్రత్యేక శ్రామిక రైళ్లు మే 1న గాని మొదలు కాలేదు. జనారోగ్యం గారి లెక్క ప్రకారం చూస్తే అది ‘త్వరగా’ తీసుకున్న నిర్ణయమే, ఎందుకంటే అప్పటికి దేశంలో నమోదైన కేసులు కొన్ని వందలే. త్వరగా తీసుకోవడం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అలాగని 2020 అక్టోబరులో గ్రేట్ బారింగ్టన్ ప్రకటనలో ముగ్గురు శాస్త్రజ్ఞులు సూచించిన దారి నాకు సమ్మతం కాదు. వృద్ధులను, బలహీనులను కాపాడుకుంటూ మిగిలినవారిని మామూలుగా బతకనివ్వాలన్నది వారి ప్రతిపాదన. వినడానికి ఇది శ్రమజీవుల పక్షాన ఉన్నట్టే ఉంటుంది. కానీ ఒకే గదిలో మూడు తరాలు నివసించే కుటుంబంలో పనికి వెళ్లివచ్చే కొడుకును, మంచాన ఉన్న తల్లిని ఏ గోడ వేరుచేస్తుంది? వృద్ధాశ్రమాల్లో సేవ చేసేవారు కూడా బయటి నుంచే వస్తారు. వృద్ధులను కాపాడటమే తమ మొదటి లక్ష్యమని చెప్పిన స్వీడన్‌లోనే, ఆ పనిలో విఫలమయ్యామని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 2020 డిసెంబరులో తేల్చి చెప్పింది.

నేను కోరేది ఇది. ఇంటి నుంచి కదలవద్దన్న ఉత్తర్వులోనే, కదలకుండా ఉండటానికి అవసరమైన ఆదాయం ఎలా అందుతుందో రాసి ఉండాలి. రెండూ ఒకే కాగితం మీద, ఒకే రోజున వెలువడాలి. సాయం తర్వాత చూద్దాం అనే లాక్‌డౌన్ ప్రజారోగ్య దృష్టితో చూసినా నిలవదు, ఎందుకంటే ఆకలి వేసినవాడు ఎలాగూ బయటికి వస్తాడు, వచ్చినప్పుడు పోలీసు లాఠీ ఎదురవుతుంది, వైరస్ మాత్రం ఆగదు.

బడుల గురించి ఒక్క మాట. 2020లో పతాక దశలో ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులకు చదువు ఆగిపోయిందని యునెస్కో చెప్పింది. డెన్మార్క్ ఏప్రిల్ 15 నుంచే చిన్న తరగతుల పిల్లలను తిరిగి బడికి రానిచ్చింది. చాలా దేశాల్లో మద్యం దుకాణాలు, భోజనశాలలు ముందు తెరుచుకుని బడులు చివర తెరుచుకున్నాయి. ఓటు లేనివారి నష్టం చర్చలోకి ఎంత ఆలస్యంగా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

చదువరి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా సందేహం ఇప్పుడు మరో చోటికి చేరింది. త్వరగా విధించాలంటే కేసులు తక్కువగా ఉన్నప్పుడే విధించాలి. కేసులు తక్కువగా ఉన్నప్పుడు ఆంక్షలు అవసరమని జనాన్ని ఒప్పించడం కష్టం, ఆధారాలు కూడా అసంపూర్ణంగానే ఉంటాయి. ఆంక్షలు పనిచేసి ఉధృతి రాకపోతే, అనవసరంగా విధించారన్న నింద తప్పదు. అటువంటప్పుడు ప్రభుత్వం తన ఇష్టానికి ఆదేశాలిచ్చే ప్రమాదం నుంచి జనాన్ని కాపాడేది ఏమిటి?

న్యాయపథం

చదువరి గారూ, దీనికి జవాబు వైద్యంలో దొరకదు, చట్టంలో వెతకాలి. ఆ దిశగా మూడు దేశాల న్యాయస్థానాల తీర్పులు ఉపయోగపడతాయి.

న్యూజీలాండ్ 2020 మార్చి 25 అర్ధరాత్రి నుంచి కఠినమైన లాక్‌డౌన్ విధించింది. ఫలితాలపరంగా చాలామంది మెచ్చుకున్న నిర్ణయం అది. అయినా అదే ఏడాది ఆగస్టులో అక్కడి హైకోర్టు ఒక స్పష్టమైన మాట చెప్పింది. మొదటి తొమ్మిది రోజులు ఇళ్లలోనే ఉండాలన్న ఆదేశం ఆ పరిస్థితిలో అవసరమైనదే, సమంజసమైనదే, కానీ ఏప్రిల్ 3న సరైన ఉత్తర్వు వెలువడేవరకూ దానికి చట్టం మద్దతు లేదు కాబట్టి అది చట్టవిరుద్ధం. పని మంచిదైనంత మాత్రాన అధికారం ఉన్నట్టు కాదన్న ఈ సూత్రం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోనూ ఇటువంటి ఎడం ఉంది: ప్రధాని మార్చి 23 సాయంత్రం టీవీలో చెప్పిన ఆంక్షలకు నిబంధనల రూపం వచ్చింది 26వ తేదీ మధ్యాహ్నం.

స్పెయిన్‌లో 2020 మార్చి 14న ప్రకటించిన అప్రమత్త స్థితి (ఒక రకం అత్యవసర స్థితి) కింద విధించిన గృహనిర్బంధం రాజ్యాంగవిరుద్ధమని 2021 జూలైలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆరుగురు, ఐదుగురుగా చీలి తీర్పు చెప్పింది. స్వేచ్ఛను పరిమితం చేయడం వేరు, పూర్తిగా నిలిపివేయడం వేరని, రెండోదానికి పార్లమెంటు దిగువసభ అనుమతి ముందుగా తీసుకునే మరో రకం అత్యవసర స్థితి కావాలని మెజారిటీ న్యాయమూర్తుల అభిప్రాయం. ఒక్క ఓటు తేడాతో వచ్చిన తీర్పు కాబట్టి, న్యాయకోవిదులకు కూడా ఇది తేలికైన విషయం కాదని అర్థమవుతుంది.

జర్మనీ ఉదాహరణ మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా ఉంది. 2021 ఏప్రిల్‌లో అక్కడి పార్లమెంటు ఆంక్షలను అధికారుల విచక్షణకు వదలకుండా చట్టంలోనే అంకెలు రాసింది. ఒక జిల్లాలో వారానికి లక్ష మందికి కొత్త కేసులు వరుసగా మూడు రోజులు 100 దాటితే రాత్రి కర్ఫ్యూ, కలయికల మీద పరిమితులు వాటంతట అవే అమల్లోకి వస్తాయి, 165 దాటితే బడుల్లో ప్రత్యక్ష బోధన ఆగుతుంది, ఆ మేరకు సంఖ్య తగ్గితే ఆంక్షలూ తొలగిపోతాయి. చట్టానికి జూన్ 30 అని గడువు కూడా పెట్టారు. రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఏడాది నవంబరులో ఈ చట్టాన్ని సమర్థిస్తూనే, పిల్లలకు బడి చదువు పొందే హక్కు ఉందని తొలిసారిగా గుర్తించింది. అంటే ఇకముందు అక్కడ బడి మూయాలంటే ఆ హక్కును ఎందుకు పక్కన పెట్టవలసి వచ్చిందో ప్రభుత్వం సమాధానం చెప్పాలి. శ్రమ పక్షం గారు చెప్పిన ఓటు లేనివారి నష్టానికి చట్టంలో చోటు దొరికిన సందర్భంగా దీన్ని చూస్తాను.

ఈ మూడింటినీ చూశాక నా అభిప్రాయం ఇది. ఏ అంకె దగ్గర ఆంక్షలు మొదలవుతాయో, ఏ అంకె దగ్గర ముగుస్తాయో ఉధృతి రాకముందే, చర్చకు వ్యవధి ఉన్నప్పుడే చట్టసభ నిర్ణయించాలి. అప్పుడు కేసులు తక్కువగా ఉన్నప్పుడు ఆంక్షలు వచ్చినా అది పాలకుడి ఇష్టం అనిపించదు. శ్రమ పక్షం గారు కోరిన ఆదాయ సహాయం కూడా ఆ చట్టంలోనే, అదే అంకెకు ముడిపెట్టి ఉండవచ్చు. ప్రతి పొడిగింపుకూ కొత్తగా ఓటింగ్ జరగాలి, ఏ ఆధారాల మీద పొడిగిస్తున్నారో అవి ముందురోజే అందరికీ అందుబాటులో ఉండాలి.

జనారోగ్యం

న్యాయపథం గారి సూచన నాకు నచ్చింది, శ్రమ పక్షం గారి అభ్యంతరమూ న్యాయమైనదే. సాయం లేని లాక్‌డౌన్‌లో నిబంధనలు పాటించేవారు తగ్గిపోతారు కాబట్టి, ఆదాయ సహాయాన్ని దానధర్మంగా కాకుండా వ్యాప్తిని అరికట్టే చర్యగానే లెక్కించాలని నేనూ అంటాను.

అయితే అంకెలను చట్టంలో గట్టిగా బిగించడంలో ఒక ఇబ్బంది ఉంది. టీకాలు రాకముందు 100 కేసులకు ఆస్పత్రి మీద పడే భారం, వృద్ధులందరికీ టీకా అందాక 100 కేసులకు పడే భారం ఒకటి కావు. జర్మనీ కూడా 2021 సెప్టెంబరులో కేసుల సంఖ్యను పక్కకు జరిపి, ఆస్పత్రుల్లో చేరేవారి రేటును ముఖ్య కొలమానం చేసుకుంది. కానీ ఆస్పత్రిలో చేరికల లెక్క ఆలస్యంగా అందుతుంది, నేను పైన చెప్పిన రెండు వారాల వెనుకబాటు దానికి ఎలాగూ ఉంది. త్వరగా కనబడే కొలమానం నిలకడగా ఉండదు, నిలకడగా ఉండే కొలమానం త్వరగా కనబడదు. అందువల్ల చట్టంలో ఒకే అంకె రాయడం కన్నా, కేసులు ఎన్ని రోజులకు రెట్టింపవుతున్నాయి, ఆ వేగంతో ఇంకెన్ని రోజుల్లో ఐసీయూ పడకలు నిండుతాయి అనే రెండు లెక్కలను ప్రతివారం ప్రకటించాలని, రెండోది మూడు వారాల లోపుకు దిగినప్పుడు చట్టసభ తప్పనిసరిగా సమావేశమై ఓటు వేయాలని రాసుకోవడం మేలని నా అభిప్రాయం. ఆంక్షలు ప్రభావం చూపడానికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది కాబట్టి, చర్చకూ సాయం ఏర్పాట్లకూ మిగిలేది ఒక్క వారం. సాయం పొందవలసినవారి జాబితా, అది చేరే మార్గం ముందే సిద్ధంగా ఉంటే గాని ఆ వారం సరిపోదు.